చెట్టు మీద కునుకు: రాత్రి డ్యూటీ చేసే ఒక సాడిల్ వేటగాడి కేసు

ఎత్తులో పనిచేసేవాళ్లకు తాళ్లు, బెల్టులు, పడిపోకుండా ఆపే పరికరాల వాడకం నేర్పడం నా వృత్తి. సెల్ టవర్లు, గాలిమరలు, గిడ్డంగుల పైకప్పులు నా రోజువారీ ప్రపంచం. ఉండేది అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కాబట్టి, సెప్టెంబరు చివర విల్లువేట సీజన్ మొదలవగానే మరో రకం మనుషులు కూడా నన్ను వెతుక్కుంటూ వస్తారు. చెట్టెక్కి, తాడుకు ఆనుకుని, జింక కోసం గంటల తరబడి కాపు కాసేవాళ్లు. వాళ్లలో ఒకరి కేసు ఇది. ఆయన అనుమతితో రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

చెట్టు మీద నిద్రపోవద్దని చెప్పడం తేలిక. తెల్లవారుజామున చలిలో చెట్టెక్కిన మనిషికి మధ్యాహ్నం ఎండ తగలగానే కళ్లు మూతపడతాయి. అది క్రమశిక్షణ లోపం కాదు, శరీర ధర్మం. అందుకే ఈ కేసులో నేను పట్టుకున్న విషయం ఒక్కటే. మెలకువగా ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టిన తాడు నిద్రపోయిన మనిషిని కాపాడదు. కండరాలన్నీ వదిలేసిన శరీరం ఎటు ఒరుగుతుందో, ఎంత జారుతుందో, ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కవేసి కట్టుకోవాలి. అలా కట్టుకునే ఓపిక లేని రోజున కిందికి దిగిపోవాలి.

సాడిల్ వేట అంటే

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అమెరికాలో తెల్లతోక జింకల సంఖ్యను అదుపులో ఉంచే మార్గాల్లో లైసెన్సు వేట ఒకటి. సీజన్లు ఎప్పుడు, ఎన్ని జింకలు అన్నది రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు నిర్ణయిస్తాయి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వేట సామగ్రి మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల సంరక్షణకూ, వేటగాళ్ల భద్రతా శిక్షణకూ వెళుతుంది.

జింక వాసన పసిగట్టడంలో దిట్ట, తల ఎత్తి పైకి చూడటం మాత్రం తక్కువ. అందుకే వేటగాడు చెట్టెక్కుతాడు. చాలామంది చెట్టుకు బిగించిన లోహపు కుర్చీలో, చెట్టుకు వీపు ఆనించి కూర్చుంటారు. సాడిల్ పద్ధతి దానికి పూర్తిగా తిరగేసినది. నడుము కింద, పిరుదుల చుట్టూ వెడల్పాటి బట్టతో కుట్టిన పట్టీ ఉంటుంది. దాని రెండు వైపులా ఉన్న ఉచ్చులను కలుపుతూ ముందువైపు ఒక పొట్టి తాడు. దాన్ని బ్రిడ్జి అంటారు. చెట్టు చుట్టూ తిప్పి బిగించిన మరో తాడు టెథర్. టెథర్ మీద ప్రుసిక్ ముడి (చిన్న తాడును చుట్లు తిప్పి వేసేది; బరువు లేనప్పుడు జరుగుతుంది, బరువు పడితే బిగుస్తుంది), దానికి కారాబైనర్ అనే తెరిచి మూసే లోహపు కొక్కెం, కారాబైనర్‌లో బ్రిడ్జి. వేటగాడు చెట్టుకు ఎదురుగా, చిన్న ప్లాట్‌ఫాం మీద పాదాలు ఆనించి, వెనక్కి ఒరిగి తాడు మీద బరువు వేస్తాడు. మోకాళ్లకు మెత్తలు కట్టుకుని మానుకు ఆనించి కూర్చోవచ్చు కూడా. మిషిగన్‌కు చెందిన జాన్ ఎబర్‌హార్ట్ లాంటి విల్లువేటగాళ్లు 1980ల నుంచే ఇలా వేటాడుతున్నారు. గత దశాబ్దం చివర తేలికపాటి సాడిళ్లు మార్కెట్లోకి వచ్చాక ఇది బాగా వ్యాపించింది.

చెట్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాడేది వేరే తాడు, లైన్‌మన్ తాడు. నడుము రెండు పక్కల నుంచి చెట్టును చుట్టి వస్తుంది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకు పనిచేసే సూత్రం కూడా ఇదే: మనిషి వెనక్కి ఒరిగినంతసేపే అది మానును పట్టుకుంటుంది. కాళ్లు జారితే ఆ చుట్టు మాను వెంట కిందికి జారిపోతుంది. తెలంగాణలో 2024 జులై నుంచి గీత కార్మికులకు ఇస్తున్న కాటమయ్య రక్షక కవచం కిట్ల అవసరం అక్కడే ఉంది. టెథర్ అలా కాదు. దాని ఒక కొసను మరో కొసన ఉన్న కన్నులోంచి లాగి మానుకు ఉరిలా బిగిస్తారు. బరువు పడేకొద్దీ ఇంకా బిగుస్తుంది. ఈ తేడా కచ్చితంగా తెలియని వేటగాళ్లను నేను చూశాను. లైన్‌మన్ తాడు ఒక్కటే ఉన్నప్పుడు కళ్లు మూయడం అసలు ఆలోచించకూడని పని.

ఆయనకు ఏం జరిగింది

వయసు యాభై దాటింది. బరువు 95 కిలోలు. ఒక కర్మాగారంలో రాత్రి పని. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ దిగుతాడు. నవంబరు మధ్యలో, జింకలు జతకట్టే రోజుల్లో, మగ జింకలు పగలంతా తిరుగుతాయి. ఆ కొద్ది రోజులను ఏ వేటగాడూ వదులుకోడు. ఆయన కూడా డ్యూటీ నుంచి నేరుగా ఆగ్నేయ ఒహాయో కొండల్లోని అడవికి వెళ్లి, తెల్లవారకముందే చెట్టెక్కాడు. ఒహాయోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి జింకను కొట్టవచ్చు. ఆ వెలుగుకల్లా పైన ఉండాలి.

ముందురోజు మధ్యాహ్నం మూడింటికి లేచిన మనిషి. అంటే ఉదయం ఎనిమిదికల్లా 17 గంటల మెలకువ. అంతసేపు మేలుకున్నవారి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి పనితీరుకు సమానంగా పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆయన చుక్క కూడా తాగలేదు, కానీ పదకొండు గంటలకు చెట్టు మీద ఉన్నది తాగిన మనిషికి దగ్గరి స్థితిలో.

నేను ఆయనను మొదట అడిగినది నిద్ర గురించి కాదు. "కళ్లు మూతపడే ముందు మీరు ఎలా ఉన్నారు? కూర్చున్నారా, ఒరిగారా, నిలబడ్డారా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "నిలబడ్డాను. తుంటి ఎముకల దగ్గర సాడిల్ నొక్కేస్తోంది. కాస్త ఉపశమనంగా ఉంటుందని లేచి, భుజం మానుకు ఆనించాను" అన్నాడు.

కేసు మొత్తం ఆ జవాబులో ఉంది. తుంటి నొప్పి వల్ల సాడిల్ మీద నుంచి బరువు తీశాడు. బరువు తీసి మానుకు దగ్గరగా లేచి నిలబడగానే బ్రిడ్జీ టెథరూ వదులయ్యాయి. పైన కట్టు అలాగే ఉంది, కింద మనిషి కాళ్ల మీద ఉన్నాడు, మధ్యలో తాడు వేలాడుతోంది. ఆ స్థితిలో కునుకు పట్టింది. మోకాళ్లు మడతపడ్డాయి. మోచేతి నుంచి వేలి కొస దాకా ఉండేంత దూరం కిందికి పడి, తాడు బిగిసి ఆగిపోయాడు. మోకాలి కింద ఎముక ప్లాట్‌ఫాం అంచుకు గీసుకుని చర్మం లేచిపోయింది. పక్కటెముకలు మానుకు కొట్టుకున్నాయి. పాదాలు గాలిలో ఉన్నాయి. ఎడమ పిక్క పట్టేసింది. మళ్లీ ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టడానికి చాలాసేపు పెనుగులాడాల్సి వచ్చింది. విల్లు పక్కన కొక్కేనికి తగిలించి ఉండటం, బాణాలు తొడుగులో ఉండటం ఆయన ప్రాణాన్ని కాపాడాయని నా అభిప్రాయం. విల్లుబాణాల మొనలు శస్త్రచికిత్స కత్తుల్లా ఉంటాయి. పడేటప్పుడు చేతిలో ఒకటి ఉంటే కథ వేరు.

ఎముకలు విరగలేదని డాక్టరు చెప్పాక ఆయన నా దగ్గరికి వచ్చాడు, భార్య పట్టుబట్టడంతో.

వదులు తాడు లెక్క

ఆ పతనం చూడటానికి చిన్నది. లెక్క మాత్రం చిన్నది కాదు. టెథర్ పెద్దగా సాగని తాడు. కొండలెక్కేవాళ్లు వాడే సాగే తాడు పడిన దెబ్బను తనలోకి తీసుకుంటుంది, ఇది తీసుకోదు. 95 కిలోల మనిషి 60 సెంటీమీటర్లు స్వేచ్ఛగా పడి, తాడూ పట్టీ శరీరమూ కలిసి 10 సెంటీమీటర్ల దూరంలో ఆపాయనుకుందాం. సగటు బలం దాదాపు 6.5 కిలోన్యూటన్లు వస్తుంది, అంటే ఆయన బరువుకు ఏడింతలు. అదంతా తుంటి, నడుము మీదే. అదే మనిషి తాడు బిగుతుగా ఉన్నప్పుడు పాదాలు జారితే పడే దూరం దాదాపు సున్నా. నడుము మానువైపు ఊగి మోకాలి మెత్తలు కొట్టుకుంటాయి, అంతే.

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనలు వేటగాళ్లకు వర్తించవు, కానీ వాటి వెనక ఉన్న ఆలోచన చెట్టుకూ టవర్‌కూ ఒక్కటే. మనిషి పడితే ఆపడానికి నడుము బెల్టు వాడటాన్ని ఆ సంస్థ 1998 జనవరి 1 నుంచి నిషేధించింది. పూర్తి శరీర హార్నెస్, అంటే భుజాలను, ఛాతీని, తొడలను కలిపి పట్టే పట్టీల అమరిక ఉండాలి. పని చేసే భంగిమలో మనిషిని నిలిపి ఉంచే పరికరాలకు బెల్టు వాడవచ్చు, కానీ అప్పుడు స్వేచ్ఛగా పడే దూరం 2 అడుగులు, అంటే 0.6 మీటర్లు దాటకూడదు. సాడిల్ రెండో కోవకు చెందినది. నడుమును పట్టి ఉంచుతుంది; పడిన మనిషిని ఆపడం దాని పని కాదు. ఆయన మోచేతి పొడవు పతనం ఆ హద్దుకు లోపలే ఉందని కొందరు సరిపెట్టుకోవచ్చు. నేను ఒప్పుకోను. ఆ హద్దు కార్మికుడు మెలకువగా, పక్కన రక్షించే మనిషితో ఉన్నప్పటి మాట.

ముందుగా నా సలహా

దిగిపోండి, కారులో నిద్రపోండి అన్నదే నా మొదటి సలహా. చెట్టు మీద కాపు కాసే పరికరాల తయారీదారుల హెచ్చరికల్లో కూడా అలసిన మనిషి, మత్తు కలిగించే మందు వేసుకున్న మనిషి పైకి ఎక్కకూడదని ఉంటుంది. ఆయన వాదన మరోలా ఉంది. "నిద్ర ముంచుకొచ్చాక దిగడం అంతకంటే ప్రమాదం కాదా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది, ఎందుకంటే అందులో నిజం ఉంది. చెట్టు వేట ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ఒక కట్టు నుంచి మరో కట్టుకు మారేటప్పుడు. లైన్‌మన్ తాడు తగిలించడం, టెథర్ విప్పడం, ఒక్కో స్టిక్ (ఎక్కడానికి మానుకు బిగించే మెట్టు) మీద అడుగు వెతుక్కుంటూ దిగడం, కింది స్టిక్ విప్పడం: ఇవన్నీ మసకబారిన బుర్రతో చేయాల్సిన పనులు కావు. అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. రాత్రి డ్యూటీ దిగి నేరుగా చెట్టెక్కడం మానాలి. కనీసం కారులో పడుకుని లేచాకే అడవిలోకి. అప్పటికీ మధ్యాహ్నం తూగు వస్తే, మొదటి ఆవలింతకే నిద్ర కోసం కట్టు మార్చుకోవాలి. మూడో ఆవలింత దాకా ఆగితే చేతులు సరిగ్గా పనిచేయవు, ముడి సరిచూసే ఓపిక ఉండదు.

మరో షరతు కూడా పెట్టాను. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందో లేదో డాక్టరు దగ్గర తేల్చుకోవాలి. గట్టిగా గురక పెట్టే, మెడ లావుగా ఉన్న మనిషి తల వాల్చి కూర్చుని నిద్రపోతే గొంతు దారి ఇంకా ఇరుకవుతుంది. పరీక్షలో ఆయనకు ఆ జబ్బు లేదని తేలింది. ఉండి ఉంటే ఈ కేసు ఇక్కడితో ముగిసేది. జలుబుకు డైఫెన్‌హైడ్రమిన్ లాంటి మత్తెక్కించే మాత్ర వేసుకున్న రోజున చెట్టు ఊసే ఎత్తకూడదన్నది కూడా అదే ఒప్పందంలో భాగం.

నేలకు జానెడు ఎత్తున పరీక్ష

మా శిక్షణ ఆవరణలో పాత ఓక్ చెట్టు ఉంది. ప్లాట్‌ఫాంను నేలకు జానెడు ఎత్తున బిగించి, కింద మందపాటి పరుపు వేసి, ఇద్దరు సహాయకులను చెరోపక్క నిలబెట్టి, ఆయన మామూలుగా అడవిలో కట్టుకునేట్టే కట్టుకోమన్నాను. తర్వాత ఒకే మాట చెప్పాను: శవాసనంలో వదిలేసినట్టు ఒళ్లంతా వదిలేయండి, పట్టుకోవడానికి మేమున్నాం.

మొదట మోకాళ్లు పక్కలకు తెరుచుకున్నాయి. పాదాలు ప్లాట్‌ఫాం మీద నుంచి ఒకదాని తర్వాత ఒకటి జారాయి. సాడిల్ పై అంచు పిరుదుల మీద నుంచి నడుము ఒంపులోకి, అక్కడి నుంచి కింది పక్కటెముకల దాకా పాకింది. సౌకర్యం కోసమని ఆయన తొడ పట్టీలను విప్పి వేలాడదీసుకోవడమే దానికి కారణం. అదే సమయంలో మొండెం వెనక్కి వాలడం మొదలైంది. బ్రిడ్జి కట్టే ఉచ్చులు తుంటి దగ్గర ఉంటాయి. ఛాతీ, భుజాలు, తల బరువు అంతా దానికి పైన ఉంది. పట్టుకునే కండరం లేకపోతే ఆ బరువు వెనక్కే వెళుతుంది. తల తుంటి కన్నా కిందికి చేరేలోపు సహాయకుడు మెడ వెనక చెయ్యి పెట్టి ఆపాడు. ఆయన కళ్లు తెరిచి చెట్టు కొమ్మలను తలకిందులుగా చూస్తున్నాడు. ఆ కొన్ని క్షణాలు ఆయనకు నేర్పినది నేను మాటలతో నేర్పలేను.

ఆ రోజు మిగతా సమయమంతా మార్పులకే సరిపోయింది. మొదట తుంటి నొక్కు సంగతి చూశాం, ఎందుకంటే అది పోకపోతే ఆయన మళ్లీ లేచి నిలబడతాడు, తాడు మళ్లీ వదులవుతుంది. బ్రిడ్జి మరీ పొట్టిగా ఉంది. పొట్టి బ్రిడ్జి రెండు తుంటులనూ లోపలికి పిండుతుంది. పొడవు పెంచితే లాగే దిశ మారి ఆ పిండుడు తగ్గుతుంది. రెండు పలకలున్న సాడిల్ ఆయనది. కింది పలకను తొడల దాకా దించి, పై పలకను పిరుదుల మీదే ఉంచాం. తొడ పట్టీలు బిగించాం, అరచెయ్యి దూరేంత సందుతో. అవి వేసుకోకుండా కళ్లు మూయడం ఇక ఉండదని ఆయనే అన్నాడు.

టెథర్‌ను మెలకువగా ఉన్నప్పటి ఎత్తు కన్నా పైకి జరిపాం. తక్కువ ఎత్తున కడితే మనిషి వెనక్కి ఒరుగుతాడు, కాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుంది. ఎత్తున కడితే కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా వస్తాడు, బరువంతా పట్టీ మీదకు పోతుంది, మోకాళ్లు మానుకు ఆనతాయి. నిద్రకు రెండోదే కావాలి. కూర్చుని ప్రుసిక్‌ను వదులు లేకుండా పైకి జరిపి, బరువు వేసి, మరోసారి జరిపి చూడాలి. పాదాలు ప్లాట్‌ఫాంను తాకి ఉండాలి, కానీ వాటి మీద బరువు ఉండకూడదు. పాదాలు ఎత్తి చూస్తే శరీరం ఒక్క అంగుళం కూడా దిగకూడదు. ఇదే నేను పెట్టిన అసలు పరీక్ష.

మొండెం వెనక్కి వాలకుండా ఉండటానికి, చెట్లు నరికేవాళ్లు వాడే ఛాతీ హార్నెస్‌ను వేరే ప్రుసిక్‌తో అదే టెథర్‌కు కలిపాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఛాతీ పట్టీ బరువు మోయకూడదు. ఛాతీ మీద వేలాడితే ఊపిరి తీయడం కష్టమవుతుంది. బరువంతా సాడిల్‌దే, ఛాతీ పట్టీ పని మనిషిని నిటారుగా ఉంచడం వరకే. నిటారుగా కూర్చున్నప్పుడు వేలు దూరేంత సందు ఉంచి ఆపేశాం. వీపు వెనక వేసుకునే పట్టీలు మార్కెట్లో దొరుకుతాయి, మెలకువగా ఉన్నప్పుడు సుఖంగానూ ఉంటాయి. అవి ప్రాణం మోయడానికి చేసినవి కావు, శరీరం పక్కకు ఒరిగితే జారిపోతాయి. నిద్రకు వాటిని నేను ఒప్పుకోలేదు.

తల విషయంలో ఆయన ఇష్టం వేరు, నా ఇష్టం వేరు. వెనక్కి ఆనుకోవాలని ఆయనకు ఉంది. ముందుకు వాలడమే మంచిదని నేను. చివరకు మానుకు ఒక వెడల్పాటి మెత్తటి పట్టీ కట్టి, దాని మీద ముంజేతులు మడిచి పెట్టి, నుదురు ముంజేతుల మీద ఆనించే భంగిమ ఖాయం చేశాం. గడ్డం ఛాతీకి అంటుకోకూడదు; అంటుకుంటే గొంతు మడతపడుతుంది. ముఖం ఒక పక్కకు తిరిగి ఉంటే ఆ ఇబ్బంది లేదు.

ఇలా కట్టాక మళ్లీ ఒళ్లు వదిలేయమన్నాను. మోకాళ్లు మానుకు ఆనాయి, మొండెం ముందుకు వాలి ఆగింది, సాడిల్ కదల్లేదు. చెప్పకుండా ఆయన పాదాలను ప్లాట్‌ఫాం మీద నుంచి లాగేశాం. నడుము కొద్దిగా ఊగింది, అంతే. ఒళ్లు వదిలేసే ఉన్నాడు.

కాళ్లలో రక్తం

నేను ఎక్కువ భయపడేది పడటం గురించి కాదు, పడి ఆగాక కదలకుండా వేలాడటం గురించి. నిటారుగా, కాళ్లు కదపకుండా వేలాడితే కాళ్లలోని సిరల్లో రక్తం నిలిచిపోతుంది. నడిచేటప్పుడు దాన్ని పైకి తోసేవి పిక్కల కండరాలే. అవి ఊరుకుంటే గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి స్పృహ తప్పుతుంది. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే అరగంటలోపే స్పృహ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉందని ఓషా 2004లో హెచ్చరించింది. సాడిల్‌లో మనిషి మోకాళ్లు మడిచి కూర్చుంటాడు కాబట్టి పరిస్థితి కొంత మెరుగు, కానీ తొడ కింద పట్టీ ఒరుసుకుంటూనే ఉంటుంది. పరీక్షలో పావుగంట గడిచేసరికి ఆయనకు తొడల బయటి వైపు తిమ్మిరి మొదలైంది.

దాంతో కునుకు నిడివి తేలిపోయింది: 20 నిమిషాలు, అంతకు మించి వద్దు. నిద్ర శాస్త్రం కూడా అదే వైపు ఉంది. అరగంట దాటితే గాఢ నిద్రలోకి జారే అవకాశం ఎక్కువ. అందులోంచి లేపితే చాలాసేపు బుర్ర మొద్దుబారి ఉంటుంది. కలల నిద్రలోనైతే కండరాలు పూర్తిగా పట్టు వదిలేస్తాయి. మణికట్టుకు పెట్టుకునే గడియారంలో చప్పుడు లేకుండా కంపించే అలారం ఆయన పెట్టుకుంటాడు, దానికి అయిదు నిమిషాల తర్వాత రెండోది. కళ్లు మూసే ముందు భార్యకు ఒక సందేశం, లేచాక మరొకటి. రెండో సందేశం రాకపోతే ఆమె ఫోన్ చేస్తుంది; ఎత్తకపోతే అత్యవసర నంబరు 911కి. ఆయన ఉన్న చెట్టు స్థానం ముందే ఆమె ఫోనులో ఉంటుంది. సిగ్నల్ లేని లోయలో కునుకు లేదు.

లేచాక పావుగంట దాకా దిగకూడదు, విల్లు అందుకోకూడదు. ప్లాట్‌ఫాం మీద పాదాలు ఆనించి, వేళ్ల మీద లేస్తూ దిగుతూ పిక్కలు కదిపి, చేతి వేళ్లు సరిగ్గా పనిచేస్తున్నాయో చూసుకుని, ఛాతీ పట్టీ విప్పి, టెథర్‌ను మళ్లీ వేట ఎత్తుకు దించాలి.

పాదాలు గాలిలో ఉన్నప్పుడు తనంతట తాను పైకి రావడం ఆయనతో ప్రత్యేకంగా సాధన చేయించాను. టెథర్ మీద చిన్న ప్రుసిక్, దానికి కాలు దూర్చే తాడు ఉచ్చు. అందులో కాలు పెట్టి లేచి నిలబడితే సాడిల్ మీద బరువు పోతుంది, తొడలకు రక్తం అందుతుంది, ప్లాట్‌ఫాం అందుతుంది. ఆ ఉచ్చు సంచి అడుగున ఉంటే ఉపయోగం లేదు. ఇప్పుడు అది ఆయన సాడిల్ కుడి పక్కన, ఒక చేత్తో అందేచోట ఉంటుంది.

ఇంకో మాట, వేటకు తోడు వెళ్లేవాళ్ల కోసం. వేలాడిన మనిషిని దించాక పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టే ఉంచాలి అనే సలహా చాలాకాలం ప్రచారంలో ఉండేది. బ్రిటన్ ఆరోగ్య భద్రతా కార్యనిర్వాహక సంస్థ 2009లో వెలువరించిన సమీక్షలో దానికి ఆధారం దొరకలేదు. స్పృహ తప్పినవారిని మామూలు ప్రథమ చికిత్స ప్రకారమే పడుకోబెట్టి, ఊపిరి చూసి, సహాయం పిలవాలి.

చెట్టు ఎంపిక

దీని గురించి ఆయనకు నేను చెప్పాల్సినది తక్కువ, పాత వేటగాడు. అయినా ఒకచోట పట్టుబట్టాను. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పురుగు ఒహాయో అడవుల్లోని ఆష్ చెట్లను పెద్ద ఎత్తున చంపేసింది. ఎండిన ఆష్ మాను పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల పెళుసుబారి హఠాత్తుగా విరుగుతుంది. పక్కనే ఎండిన ఆష్ ఉన్న చెట్టు మీద కూడా కునుకు వద్దని చెప్పాను, గాలికి అది మీద పడవచ్చు. షాగ్‌బార్క్ హికరీ బెరడు పలకలుగా ఊడుతుంది. టెథర్ దాని మీద జారుతుంది. తెల్ల ఓక్, ఎర్ర ఓక్ పచ్చగా, నిటారుగా ఉంటే అంతకన్నా ఏం కావాలి.

తర్వాత

ఆ సీజన్ మిగతా భాగంలో ఆయన ఈ కట్టుతో చెట్టు మీద కునుకు తీశాడు. ఆయన రాసి ఉంచుకున్న చిన్న పుస్తకంలో ప్రతిసారీ ఎన్ని నిమిషాలు, తిమ్మిరి ఎక్కడ, లేచాక పట్టీ ఎక్కడికి జరిగింది అని ఉంది. సాడిల్ ఎప్పుడూ నడుము పైకి పాకలేదు. ఒకసారి పాదం జారి మేలుకున్నాడు. మోకాలు మానుకు తగిలింది, అంతకు మించి ఏమీ జరగలేదు. ఒకరోజు కట్టు మార్చుకుంటుండగా ప్రుసిక్ చుట్లు లెక్క తప్పుతున్నాయని గమనించి, అది తన స్థితికి గుర్తు అని గ్రహించి, నిద్ర ఆలోచన మానేశాడు. ముఖం కడుక్కుని, బాగా తేరుకునేదాకా నిలువుగా కూర్చుని, దిగి ఇంటికి వెళ్లిపోయాడు. నాకు ఈ కేసులో అన్నింటికన్నా సంతృప్తినిచ్చినది ఆ రోజు రాసిన పేజీయే.

సీజన్ చివర పరికరాలు తెమ్మన్నాను. పడిన రోజు వాడిన బ్రిడ్జి, టెథర్, ప్రుసిక్ తాడు మూడింటినీ అప్పుడే మార్పించాను. ఒక్క కుదుపు తిన్న సాగని తాడును మళ్లీ నమ్మడం నా పద్ధతి కాదు. కొత్త ప్రుసిక్ లోపలి చుట్టులో మాత్రం మెరుపు తేలింది. రాపిడికి పైపొర కరిగి గట్టిపడితే అలా మెరుస్తుంది, పట్టు తగ్గుతుంది. దాన్నీ మార్చాం. ఎత్తు మార్చేటప్పుడు బరువు పూర్తిగా తీయకుండానే ముడిని కిందికి జరుపుతున్నాడని అడిగితే తెలిసింది. ఇప్పుడు కాలి ఉచ్చులో లేచి నిలబడి, బరువు తీసి, అప్పుడు జరుపుతున్నాడు.

ఒక విషయం ఇంకా తేలలేదు. మా పరీక్షలన్నీ శరదృతువు దుస్తుల్లో జరిగాయి. ఒహాయోలో విల్లువేట ఫిబ్రవరి మొదటి రోజుల దాకా ఉంటుంది; జనవరిలో ఆయన వేసుకునే మందపాటి కోటు మీద ఛాతీ పట్టీ సందు వేలికి ఎంత అని చూస్తే సరిపోదు, బరువు పడ్డాక కోటు అణిగి సందు పెరుగుతుంది. నిద్రలో ఒంటి వేడి కూడా తగ్గుతుంది కాబట్టి, ఉష్ణోగ్రత సున్నా కన్నా తక్కువ ఉన్న రోజుల్లో ప్రస్తుతానికి కునుకు వద్దని చెప్పాను. వచ్చే డిసెంబరులో ఆ కోటుతోనే, అదే ఓక్ చెట్టుకు, అదే జానెడు ఎత్తున మళ్లీ పరీక్ష పెట్టుకోవాలని అనుకున్నాం.